ఆఫీసు పూజ, బంధువుల వ్రతం, పెళ్లి కట్నం: విశ్వాసి ఎక్కడ కాదనాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీరు హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నారు. దసరాకు ఆఫీసులో జరిగే ఆయుధపూజలో ఈసారి హారతి పళ్లెం మీరే పట్టాలని మీ టీమ్ లీడరు అన్నారు. పండుగ వెళ్లిన తరువాత మీ పెదనాన్నగారి కొత్త ఇంటి గృహప్రవేశం ఉంది. మీ అమ్మానాన్నలు మీరు పుట్టకముందే క్రీస్తును నమ్ముకున్నా, పెదనాన్నగారి కుటుంబం హిందువులుగానే ఉన్నందున, అక్కడ వ్రతం దగ్గర కూర్చోవడం, తీర్థప్రసాదాలు పుచ్చుకోవడం, అక్షతలు వేయడం గురించి మీకు ఎటూ తేలడం లేదు. ఉత్తరం చివర, మీకు ఒక సంబంధం దాదాపు కుదిరిందనీ, త్వరలో ప్రధానం (నిశ్చితార్థం) అనీ, కట్నం మీకు ఇష్టం లేకపోయినా ఇంట్లోవారు అందరిలాగే మాట్లాడుకుంటున్నారనీ ఒక్క వాక్యం రాశారు. విశ్వాసిగా ఈ ఒత్తిడిని ఎలా తట్టుకోవాలన్నది మీ ప్రశ్న.

నేను చాలాకాలం సంఘ పెద్దగా ఉండి, ఉద్యోగ విరమణ తరువాత ఎక్కువగా యువతీయువకులతోనే మాట్లాడుతున్నవాణ్ణి. ఆ అనుభవంతో మీ ఉత్తరంలో నాకు మొదట కనబడినది దాని పాళ్లు. పూజ గురించి ఒక పేజీ, వ్రతం గురించి అర పేజీ, కట్నం గురించి ఒక వాక్యం. మన సంఘాలలో ఈ పాళ్లు మామూలే. రోమా పత్రిక 12వ అధ్యాయంలో ‘ఈ లోక మర్యాదను అనుసరింపక’ అన్న మాట వినగానే మనకు బొట్టు, ప్రసాదం, మామిడి తోరణం, ముహూర్తం గుర్తుకు వస్తాయి; కట్నపు బేరం, కులం చూసి కుదుర్చుకునే సంబంధం గుర్తుకు రావు. మొదటివి పక్కింటివారి మర్యాదలు, రెండవవి మనవి కూడా కావడమే దీనికి కారణమని నా అభిప్రాయం. అయినా మీరు అడిగిన వరుసలోనే చెబుతాను.

ముందుగా బైబిలులో, బబులోనుకు బందీగా వెళ్లిన యూదు యువకుడు దానియేలు సంగతి చూడండి. కాదన్నవాడిగానే మనం అతన్ని గుర్తుపెట్టుకున్నాము గాని, అతడు ఒప్పుకున్నవి చాలా ఉన్నాయి. పరాయి రాజు కొలువుకు తయారయ్యాడు. కల్దీయుల విద్యను, భాషను మూడు సంవత్సరాలు నేర్చుకున్నాడు. ఆ రాజు నెబుకద్నెజరు తన దేవత పేరును బట్టి బెల్తెషాజరు అని పిలిస్తే ఆ పేరుకు పలికాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ఆ ఆగడం కూడా పళ్లెం ముందు కూర్చున్న తరువాత తోచినది కాదు, ముందే మనసులో నిశ్చయించుకున్నది. అధికారి దగ్గరకు వెళ్లి మనవి చేసుకున్నాడు; మీ ముఖాలు వాడిపోతే నా తల పోతుందని ఆ అధికారి భయపడితే ఆ భయాన్ని తేలికగా తీసుకోకుండా, తమను కనిపెట్టుకొని ఉన్నవాడిని పది రోజులు పరీక్షించి చూడమని అడిగాడు. కాదనవలసినది ఇరుకుగా ఉంది, నిర్ణయం ముందుగా జరిగింది, ఎదుటివాడికి నష్టం రాని దారి కూడా చూపించాడు. ఒత్తిడిని తట్టుకోవడం గురించి నాకు తెలిసినదంతా దాదాపు ఇంతే.

ఇందుకు బబులోను దాకా వెళ్లనక్కరలేదు, ఒంగోలు చాలు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరిన రోజులలో, యెర్రగుంట్ల పేరయ్య అనే తోలు వర్తకుడి మూలంగా చుట్టుపక్కల మాదిగపల్లెలలో క్రైస్తవ విశ్వాసం పాకింది. అలా చేరినవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. మూడవ నియమంతో గ్రామదేవత జాతరకు డప్పు ఆగిపోయింది. డప్పు లేనిదే జాతర సాగదు కాబట్టి ఊరి పెద్దలు దానిని తిరుగుబాటుగానే చూశారు; బావుల నీళ్లు కట్టడి చేశారు, బజారులోకి రానివ్వలేదు, ఊరి చేతిపనులవారిని వారికి పని చేయనివ్వలేదు. అయినా ఆ విశ్వాసులు తోలు పని మానలేదు, రైతుల పొలాలకు వెళ్లడం మానలేదు, ఊరితో తెగతెంపులు చేసుకోలేదు. డప్పు ఒక్కటే పట్టలేదు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనవారు తరచు చెప్పుకుంటారు. అంతకు ముందు పదేళ్లకు పైగా, భూమీ చదువూ లేక ఊరి దయ మీద బతికిన కుటుంబాలు ఆ ఒక్క పనికి కాదని నిలబడిన సంగతి అంతగా చెప్పుకోరు.

ఇక మీ ఆఫీసు సంగతి. హారతి ఇవ్వడం ఆరాధన. దానికి మరో అర్థం చెప్పుకొని, ఇది ఆఫీసు పనిలో భాగమేనని మనసును ఒప్పించుకోవలసిన అవసరం లేదు. కుదరదని చెప్పవలసిన చోటు ఇదే. అయితే పండుగ నాడు ఉదయం, దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అందరూ చుట్టూ నిలబడిన తరువాత చెప్పకండి. అప్పుడు చెప్పేది ఎంత మెత్తగా ఉన్నా మీ టీమ్ లీడరుకు పదిమందిలో తలవంపే. రెండు వారాల ముందే, వాట్సాప్ గ్రూపులో కాకుండా, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి ఇలా అనండి: ‘సార్, పూజలో హారతి పట్టమన్నారు, నన్ను తలచుకున్నందుకు సంతోషం. నేను క్రైస్తవుణ్ణి, పూజ చేయడం నా విశ్వాసానికి కుదరదు. మనస్ఫూర్తిగా చేసేవారికి ఆ పళ్లెం ఇవ్వండి. ఆ రోజు నేను వస్తాను. భోజనాల ఏర్పాటు, పూజ జరిగే గంటసేపు ఫోన్లు చూసుకోవడం నాకు అప్పగించండి.’ ఈ మాటలలో ఎవరి దేవుణ్ణీ తక్కువ చేయడం లేదు, అబద్ధం లేదు, అవసరానికి మించిన క్షమాపణ కూడా లేదు. చాలామంది యువకులు ఆ రోజు జ్వరమని సెలవు పెడతారు. ఒక ఏడాది గడుస్తుంది గాని మరుసటి ఏడాది మళ్లీ జ్వరం రావాలి. పైగా మీరు ఎందుకు రాలేదో ఆఫీసులో అందరికీ తెలిసే ఉంటుంది.

పూజ అయ్యాక మీ సీటు దగ్గరకు వచ్చేసరికి కంప్యూటరు మీద ఎవరో కుంకుమ బొట్టు పెట్టి, ఒక బంతిపువ్వు ఉంచి వెళ్లి ఉంటారు. అది మీరు చేసిన పూజ కాదు. అందరి కళ్ల ముందు దానిని తుడిచేయకండి; నా దృష్టిలో అది ధైర్యం కిందికి రాదు, దురుసుతనం కిందికి వస్తుంది. సాయంత్రం ఎలాగూ ఊడ్చేవారు వస్తారు.

పూజ జరుగుతున్నప్పుడు అక్కడ నిలబడవచ్చా అని కూడా అడిగారు. నిలబడవచ్చుననే నా అభిప్రాయం. సిరియా సేనాధిపతి నయమాను యెహోవాను నమ్ముకున్న తరువాత, తన రాజు రిమ్మోను గుడిలో మొక్కుతూ తన చేతి మీద ఆనుకున్నప్పుడు తానూ వంగవలసి వస్తుందని ఎలీషాకు విన్నవించుకుంటే, ప్రవక్త అతన్ని గద్దించకుండా నెమ్మదితో పంపాడు. ఉద్యోగరీత్యా అక్కడ ఉండడం వేరు, మొక్కడం వేరు. ఈ తేడాను మన సుప్రీంకోర్టు కూడా ఒక సందర్భంలో గుర్తించింది. 1985లో కేరళలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు, బడిలో జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు గాని తమ విశ్వాసం ఒప్పదని గొంతు కలిపేవారు కారు. బడి వారిని పంపించివేసింది. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోవాలని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. యెహోవాసాక్షుల సిద్ధాంతాలతో మనకు ఏకీభావం లేకపోవచ్చు గాని, ఆ పిల్లలు నిలబడిన తీరు చూడండి. లేచి నిలబడ్డారు, నోరు మాత్రం కదపలేదు.

అయితే ఆ తీర్పును చేతపట్టుకొని మీ టీమ్ లీడరు ముందు, మత స్వేచ్ఛ గురించి చెప్పే రాజ్యాంగం 25వ అధికరణం వల్లించకండి. అది ముఖ్యంగా ప్రభుత్వానికి ఎదురుగా పౌరుడికి ఉన్న హక్కు. ప్రైవేటు కంపెనీ దగ్గర అది నేరుగా అక్కరకు రావడం కష్టం. మీరు మర్యాదగా చెప్పిన తరువాత కూడా బలవంతం చేసినా, ఆ కారణంతో పనిలో మీకు అన్యాయం జరిగినా, ఏ రోజు ఎవరు ఏమన్నారో రాసి ఉంచుకొని హెచ్‌ఆర్ విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయండి. నేను చూసినంతలో అంతదాకా వచ్చిన సందర్భాలు తక్కువ. ఆఫీసులో ఒత్తిడి చాలావరకు మనం ఊహించుకున్నదే. చెప్పాక ‘అలాగా, సరే’ అనేవారే ఎక్కువ. శుక్రవారం సాయంత్రాల మందు పార్టీల ఒత్తిడి ఇంతకంటే మొండిది, కానీ దాని గురించి మీరు అడగలేదు.

గృహప్రవేశం దీనికంటే సున్నితమైనది, ఎందుకంటే అక్కడ ఉన్నది పై అధికారి కాదు, మిమ్మల్ని ఎత్తుకొని పెంచిన పెదనాన్నగారు. మొదటి మాట ఏమిటంటే, తప్పకుండా వెళ్లండి, అదీ ముందు రోజే వెళ్లండి. వ్రతానికి పీటల మీద కూర్చునేది దంపతులే గనుక మిమ్మల్ని పూజలోకి లాగే అవసరం అక్కడ ఎవరికీ లేదు. వ్రతం జరుగుతున్నంతసేపు వంటల దగ్గర, షామియానా దగ్గర, వచ్చేవారిని కూర్చోబెట్టే దగ్గర మీకు చేతినిండా పని ఉంటుంది. బంతిలో వడ్డించండి. పెద్దమ్మగారికి చీర, పెదనాన్నగారికి బట్టలు పెట్టండి. ఇంత చేసిన అబ్బాయి తీర్థం పుచ్చుకోకపోతే ఎవరో ఒకరు ఒక మాట అంటారు, అంతటితో ఆగుతుంది. ముహూర్తం దాటాక మధ్యాహ్నం వచ్చి, విస్తరి ముందు కూర్చొని, ప్రసాదం వద్దన్నవాడి మీద మాత్రం ఆ మాట చాలా ఏళ్లు ఉంటుంది.

ప్రసాదం విషయంలో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలను మీరే ఒకసారి వరుసగా చదవండి. విగ్రహం ఉత్తదే గనుక ఆ ఆహారంలో ఏమీ అంటుకోదని ఆయన ఒప్పుకుంటాడు. గుడిలో ఆ బల్ల దగ్గర పాలుపొందడం మాత్రం కూడదంటాడు. ఒకరి ఇంట్లో వడ్డించినది గుచ్చిగుచ్చి అడగకుండా తినమంటాడు. ఇది అర్పించినది అని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. దీనిని బట్టి నేను ఇచ్చే సలహా ఇది. ప్రసాదమని పేరు పెట్టి చేతిలో పెట్టబోతే, చేయి వెనక్కి లాగేసుకోకుండా రెండు చేతులూ జోడించి, ‘నేను పుచ్చుకోను పెద్దమ్మా, భోజనం మాత్రం కడుపునిండా చేస్తాను’ అనండి, అన్నట్టే చేయండి. విస్తట్లో వేసిన పులిహోర ఎక్కడి నుండి వచ్చిందని ఆరా తీయకండి. ప్రసాదం పుచ్చుకునే క్రైస్తవులు మీ బంధువులలోనే ఉంటారు. వారిని చూపించి మీ మీద ఒత్తిడి తెస్తారు కూడా. వారి గురించి మీరు తీర్పు చెప్పకండి, వారి మాదిరిని అనుసరించనూ అక్కరలేదు.

అక్షతల సంగతి వేరు. పెళ్లిలో వధూవరుల తల మీద పెద్దలు వేసే అక్షతలు దీవెన. అందులో ఆరాధన నాకు కనిపించదు. మన క్రైస్తవ పెళ్లిళ్లలోనే మంగళసూత్రానికి సిలువ గుర్తు పెట్టి కట్టుకుంటున్నాము. సిలువ వచ్చినంత మాత్రాన ఆ తాళి తెలుగుదనం పోలేదు, అలాగే తాళి ఉన్నంత మాత్రాన ఆ పెళ్లి క్రైస్తవం కాకుండానూ పోలేదు. అయినా అక్షతలు వేసేటప్పుడు మీ మనసు తడబడితే వేయకండి. సందేహిస్తూ చేసిన పని తప్పేనని రోమా 14వ అధ్యాయం చెబుతుంది. దేవుడి మీద వేయమన్న అక్షతలు మాత్రం హారతి లాంటివే.

ఇక మీరు ఒక్క వాక్యంలో ముగించిన విషయం. పూజకు కాదంటే సంఘం మిమ్మల్ని మెచ్చుకుంటుంది. యవ్వనస్థుల కూడికలో సాక్ష్యం చెప్పమంటారు. కట్నానికి కాదంటే మెచ్చుకునేవారు పెద్దగా ఉండరు. ఇంట్లో నాన్నగారు నొచ్చుకుంటారు, బంధువులు నవ్వుతారు, ఆడపిల్ల తరఫువారు అబ్బాయిలో ఏదో లోపం ఉండి ఉంటుందని అనుమానిస్తారు. లోకపు ఒత్తిడి అసలు బలం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇక్కడ లోకమూ సంఘమూ ఒకే మాట మాట్లాడతాయి. చాలా సంఘాలలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయాలని అడుగుతారు. వధూవరుల బాప్తిస్మం గురించి, సభ్యత్వం గురించి విచారిస్తారు. ఎంత చేతులు మారిందని మాత్రం ఆ మూడు ఆదివారాలలో ఎవరూ అడగరు.

చట్టం సంగతి ఒక్క మాటలో చెబుతాను. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది, ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ నేరాలే. శిక్ష సాధారణంగా 5 సంవత్సరాలకు తగ్గని జైలు, దానితోపాటు 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంతకు తగ్గని జరిమానా. అడగకుండా అమ్మాయికి పెట్టే కానుకలను మాత్రం, జాబితా రాసి ఉంచాలన్న నియమంతో, చట్టం మినహాయించింది. ఆ మినహాయింపులోనే మనవారి తెలివి అంతా పనిచేస్తుంది. కట్నం అన్న మాట ఇప్పుడు ఎవరూ వాడరు. ‘మేమేమీ అడగడం లేదు, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం’ అంటారు, ఆ ఇష్టం ఎంతో మధ్యవర్తి ముందే చెప్పి ఉంటాడు. స్థలం అమ్మాయి పేరునే ఉంటుంది, కారు అల్లుడికి ముచ్చట, ఆడపడుచు లాంఛనాలు ఆచారం, పెళ్లి ఖర్చు ఆడపిల్లవారిది. కాబట్టి కట్నం వద్దని ఊరికే అంటే చాలదు. స్థలం, కారు, లాంఛనాలు, పెళ్లి ఖర్చు, వీటిలో ఏది ఎవరు భరిస్తారో పేరుపేరునా తేల్చి చెప్పాలి.

మీ నాన్నగారిని లోభిగా చూడకండి. మీ చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదని మీరే రాశారు. ఆమెకు ఇచ్చుకున్నది కొడుకు పెళ్లిలో తిరిగి వస్తుందన్న లెక్క మీదే ఆయన ఆ అప్పు చేసి ఉంటారు. మన ఇళ్లలో కట్నం ఇలాగే ఒక తరం నుండి మరో తరానికి జరుగుతోంది. వాక్యం చూపించి ఆయన్ని గద్దిస్తే, ‘మరి ఆ అప్పు నీ వాక్యం తీరుస్తుందా?’ అంటారు, ఆ మాటలో న్యాయం ఉంది. మీరు కట్నం వద్దంటున్నారంటే ఆ అప్పు మీ నెత్తి మీద వేసుకుంటున్నారన్నమాట. మొత్తం ఎంతో, నెలకు మీ జీతంలో ఎంత కట్టగలరో, ఎన్నాళ్లకు తీరుతుందో కాగితం మీద రాసుకొని వెళ్లండి. ఆ కాగితం లేకుండా చెప్పే మాటకు ఆ ఇంట్లో విలువ ఉండదు.

అమ్మాయితో కూడా నేరుగా మాట్లాడాలి. మీరు వద్దంటున్నది ఆమెను తక్కువ చేయడానికి కాదని, ఆమె తల్లిదండ్రులు ఆమెకు ప్రేమతో పెట్టుకునే నగ ఆమెదేనని, దాని బరువు ఎంతని మీ ఇంట్లో ఎవరూ అడగరని ఆమెకు మీ నోటి నుండే తెలియాలి. మధ్యవర్తి చేత చెప్పిస్తే అది బేరంలో కొత్త మెలికగానే వారికి చేరుతుంది.

మీరు అడగకపోయినా ఇక్కడే ఒక మాట. సంబంధం ఎలా చూశారో రాయలేదు గాని, మన క్రైస్తవ పెళ్లి ప్రకటనలలో విశ్వాసం పక్కనే కులం పేరు అచ్చవుతుందని మీకు తెలియనిది కాదు. అంతియొకయలో అపొస్తలుడు పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివారితో, కలిసి భోజనం చేస్తూ, యెరూషలేము నుండి కొందరు రాగానే వారికి భయపడి పంక్తి లేచిపోయాడు. బర్నబా కూడా వెంట నడిచాడు. పౌలు అందరి ఎదుట నిలదీయవలసి వచ్చింది. గలతీయ పత్రిక 2వ అధ్యాయంలో ఉన్న ఈ ఘట్టంలో పేతురు లొంగినది రోమా ప్రభుత్వానికి కాదు, తన సొంతవారికి. ఇప్పుడు మీ సంబంధం మార్చుకోమని నేను చెప్పడం లేదు. రేపు మీ సంఘంలో ఒక అమ్మాయో అబ్బాయో కులం దాటి విశ్వాసిని పెళ్లాడతామని వస్తే, ఆ ప్రకటన చదివిన ఆదివారం మీరు ఎవరి పక్కన కూర్చుంటారన్నది ఇప్పుడే తేల్చుకోండి.

దసరాకు ఇంకా వ్యవధి ఉంది, ప్రధానం అంతకంటే ముందే ఉంది. కాబట్టి మొదట జరగవలసినది నాన్నగారితో మాట. ఫోనులో వద్దు, ఊరికి వెళ్లండి. అమ్మగారు దగ్గర ఉండేలా, చెల్లెలూ బావగారూ లేకుండా చూసుకోండి. అప్పు వారి పెళ్లిది గనుక వారి ముందు ఆ లెక్క ఎత్తితే నాన్నగారికి కష్టంగా ఉంటుంది. పాస్టరుగారిని మొదటే వెంట తీసుకువెళ్లకండి. సంఘం చేత చెప్పిస్తున్నావా అన్న మాట వస్తే అసలు సంగతి పక్కదారి పడుతుంది. నాన్నగారు ఆ రోజు ఒప్పుకోకపోవచ్చు. కాగితం ఆయన దగ్గరే ఉంచి రండి, వారం రోజులు ఆగి మళ్లీ వెళ్లండి. రెండవసారీ కాదంటే అప్పుడు పాస్టరుగారితో మాట్లాడి, ప్రధానం తేదీ ఖాయం కాకముందే ఆడపిల్లవారికి మీ నిర్ణయం తెలిసేలా చేయండి. ఖాయమయ్యాక చెబితే ఇరువైపులా పరువు మాట వచ్చి, మీరు వద్దన్నవన్నీ కానుకల పేరుతో మళ్లీ వచ్చి చేరతాయి.